సుగుణమ్మ గారి వాకిలిలో నూనె మరక

పన్నెండేళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా కూర్చుని ఉంది. పెద్ద మాటేమీ కాదు. "కాదు" అన్న మాటే. ఒక సిమెంటు వాకిలి పక్కన నిలబడి, ఎదుటి మనిషి కళ్లలోకి చూడకుండా అన్నాను. ఆ రోజు నుంచి దాన్ని దింపుకునే చోటు దొరకలేదు. ఇవాళ మీ ముందు దింపుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను. నా పేరు రాయను. ఆమె పేరు మాత్రం రాస్తాను, కన్నమ్మ. తప్పు చేసినవాడు పేరు దాచుకుని, ఏ తప్పూ చేయని మనిషి పేరు బయటపెట్టడం ఏం న్యాయమని మీరు అడగొచ్చు. కానీ ఇందులో తలెత్తుకుని చెప్పదగిన పేరు అదొక్కటే. దాన్ని కూడా దాచేస్తే ఇంకో దొంగతనం చేసినట్టే.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు? రెండు వారాల కిందట జగదల్‌పూర్‌లో మా వీధి చివర ఉండే ఆయన నన్ను పిలిచారు. వారి కారు కింద, గేటు లోపలి సిమెంటు మీద, పళ్లెమంత నూనె మరక. మా వీధిలో ఇలాంటి వాటికి నన్నే పిలుస్తారు. వెళ్లాను. నూనె తీసిన ఇప్పగింజల చెక్క నూరాను, బూడిద కలిపాను, వేలి మందాన పట్టించి వచ్చాను. ఐదో రోజుకు మరక లేదు. ఆయన చేతులు కట్టుకుని, ఎంతో గౌరవంగా, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. "రైల్వేలో" అన్నాను. రైల్వే నాకు జీతం ఇచ్చింది, పింఛను ఇస్తోంది, ఈ విద్య మాత్రం ఇవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. మళ్లీ అదే మనిషికి మళ్లీ అదే ద్రోహం చేశానే అనిపించింది.

అప్పట్లో నేను జగదల్‌పూర్ అవతల, ఇనుప గనులున్న బచేలిలో పని చేసేవాణ్ని. కొండ మీది ఇనుపరాయిని కిందికి మోసే వ్యాగన్ల చక్రాలు, బ్రేకులు చూసే పని. మాది శ్రీకాకుళం వైపు. భార్యాపిల్లలు చదువుల కోసం ఊళ్లోనే ఉన్నారు. నేను సుగుణమ్మ గారి ఇంటి వెనక పోర్షన్‌లో ఒక్కణ్నే అద్దెకుండేవాణ్ని. ఆవిడది బొబ్బిలి దగ్గర. భర్త గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద ముప్పై ఏళ్లు సమ్మెట కొట్టి, రిటైరైన ఏడాదికే పోయారు. ఆదివారం ప్రార్థన, తక్కిన ఆరు రోజులూ ఇల్లు, అంతే ఆవిడ లోకం. నన్ను "బాబూ" అనేవారు. ఇంటికెవరొచ్చినా, మా వెనకింటి బాబు బండి విప్పి మళ్లీ బిగించినా చుక్క కింద పడనివ్వడమ్మా అని చెప్పేవారు. ఆ పొగడ్త నాకు ఎంత ఇష్టమో మీకు చెప్పలేను. గోడ వెనక నుంచి వినపడితే చేస్తున్న పని ఆపి మరీ వినేవాణ్ని.

బచేలిలో అన్నిటి మీదా ఎర్రధూళి పడుతుంది. ఆరేసిన చొక్కా మీద, మంచినీళ్ల బిందె మూత మీద, కుక్కల వీపు మీద కూడా. వానొస్తే అది బురదై ఇంట్లోకి నడిచొస్తుంది. భర్త బతికుండగా వేయిస్తానన్న సిమెంటు వాకిలిని సుగుణమ్మ గారు తనే దగ్గరుండి వేయించారు. గేటు నుంచి మెట్ల దాకా, లారీ నిలిచినా పగలనంత గట్టి కాంక్రీటు. ఇరవై ఒక్క రోజులు దాని మీద గోనె సంచులు పరిచి మూడు పూటలా తనే నీళ్లు పోశారు. మాకందరికీ ఒకటే షరతు. దాని మీద బండి పెట్టుకోవచ్చు, బండి పని మాత్రం చేయకూడదు.

అక్కడ బండి పెట్టుకునేది నేను కాక ఇంకొకడు, లచ్చయ్య. అతను కన్నమ్మ తమ్ముడు. బాసగూడ దగ్గరి పల్లె వాళ్లది. పొలం, అడవి వదులుకుని అక్కాతమ్ముడు బచేలికి వచ్చారు. ఎందుకు వచ్చారని, అడవిలో తుపాకులు మోగుతున్న ఆ రోజుల్లో అక్కడ ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. కన్నమ్మకు అప్పటికి నలభై ఉంటాయి. సుగుణమ్మ గారింట్లో, ఇంకో రెండిళ్లలో ఊడ్చి, గిన్నెలు తోమేది. ఇంట్లో దోర్లీ, మాతో తెలుగు, బజారులో హిందీ, సంతలో హల్బీ, అన్నీ ఒకే వేగంతో మాట్లాడేది. లచ్చయ్య ఒక వ్యాపారి పికప్ బండి నడిపేవాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఆ వ్యాపారి, వాళ్ల మాటలో మాలిక్, లచ్చయ్యకు తాళం ఇస్తూ ఒకటే చెప్పాడట. దినం పని అయ్యాక బండి గేటున్న చోట లోపల నిలవాలి, రోడ్డు మీద నిలిస్తే తాళం వెనక్కి ఇచ్చెయ్యాలి. కన్నమ్మ ముఖం చూసి సుగుణమ్మ గారు తన వాకిలిలో చోటిచ్చారు. అంటే లచ్చయ్య ఇంటి నలుగురి అన్నమూ ఆ గేటు మీదే ఆధారపడి ఉంది. నాకు అది తెలుసా? తెలుసు. పూర్తిగా తెలుసు.

ఒక ఆదివారం. సుగుణమ్మ గారు ప్రార్థనకు వెళ్లారు. లచ్చయ్య సంత బేరానికి వెళ్లాడు. నా మోటార్‌సైకిల్‌కు ఇంజిన్ ఆయిలు మార్చాలి. వెనక పెరడంతా ఏటవాలు, పైగా బురద. ముందు చూస్తే నున్నటి కొత్త కాంక్రీటు. పావుగంట పని, ఎవరు చూస్తారు? స్టాండ్ వేశాను, కింద బేసిన్ పెట్టాను, బోల్టు విప్పాను. వేడి బోల్టు చేతిలోంచి జారింది. దాన్ని పట్టుకోబోయి మోకాలితో బేసిన్‌ను తన్నేశాను. నల్లటి నూనె, లీటరుకు కాస్త తక్కువ, చూస్తుండగా చాపంత మేర పరుచుకుంది.

ఇక్కడే నేను చేసిన పిచ్చి పని చెప్పాలి. ఇంకే ఊరివాడైనా గుడ్డ తెచ్చి తుడిచేవాడు. మా యార్డులో నూనె ఒలికితే పక్కనున్న ఎర్రధూళి ఓ పారెడు దాని మీద చల్లేస్తాం. పీల్చుకుంటుంది, కాలు జారదు, పని ముందుకు పోతుంది. పాతికేళ్ల అలవాటు. నా చెయ్యి నన్ను అడగలేదు. వాకిలి మూల జామచెట్టు కింద కన్నమ్మ రోజూ ఊడ్చిన ఎర్రమట్టి కుప్పగా పోసి ఉంటుంది. నా పార తెచ్చి అందులోంచి రెండు పారలు తీసి పోశాను, కాలితో మెదిపాను. కొత్త సిమెంటు నూనెను తాగింది, నూనె వెంట ధూళినీ తాగింది. ఊడ్చి చూస్తే నలుపూ ఎరుపూ కలిసిన రంగు, నేలకు రంగు కలిపి వేసినట్టే దిగిపోయింది. మేస్త్రీలు ఎర్ర నేలకు కలిపేది కూడా ఇనుప తుప్పు రంగే కదా. అది నాకు తెలియక కాదు, ఆ నిమిషంలో తోచలేదు. బండి వెనక్కి తోసుకుపోయాను.

మూడింటికి, సుగుణమ్మ గారు ఇంకా తిరిగి రాకముందే, లచ్చయ్య వచ్చాడు. రోజూలాగే ముందుభాగం గేటు వైపు ఉండేలా వెనక్కి నడిపి ఆపాడు. వెనక చక్రాలు సరిగ్గా మరక మీద నిలిచాయి. కిటికీలోంచి చూస్తున్న నాకు హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం పొద్దున అతని బండి బయటికి కదలగానే సుగుణమ్మ గారి కంట పడింది. ఆవిడ అరవలేదు. మెట్ల మీద కూలబడ్డారు. తర్వాత నన్ను పిలిచి, మీకు తెలుసు కదా బాబూ, ఇది ఏ బండి నూనో చూసి చెప్పండి అన్నారు. నేను వంగాను. వేలితో అద్దుకున్నాను. వాసన కూడా చూశాను, నా మొహం! లేచి, పెద్ద బండిదే అయ్యుండొచ్చు అన్నాను. లచ్చయ్య తిరిగొచ్చాక తెల్లటి తువ్వాలు పట్టుకుని తన బండి కిందికి పాక్కుంటూ వెళ్లాడు. అంతా తుడిచి బయటికొచ్చి తువ్వాలు చూపించాడు. దుమ్ము తప్ప నూనె లేదు. ఎవరూ దాన్ని సరిగ్గా చూడలేదు. చూడగలిగినవాణ్ని నేనొక్కణ్నే, నేను తల తిప్పుకున్నాను. మరక ఉన్నంత వరకు ఆ బండి గేటు దాటి లోపలికి రాకూడదన్నారు సుగుణమ్మ గారు. మాలిక్ శనివారం దాకా గడువిచ్చాడు. ఈలోపు లచ్చయ్య బండిని ఒక మెకానిక్ షెడ్డు ముందు నిలిపేవాడు.

మరక ఉన్నంత వరకే కదా, అయితే మరక తీసేస్తా అంది కన్నమ్మ.

అప్పటికే సుగుణమ్మ గారు సబ్బుపొడి, కిరసనాయిలు పోసి రుద్దించి ఉన్నారు. మరక ఇంకాస్త వెడల్పయింది. కన్నమ్మ మొదట చేసిన పని రుద్దడం ఆపించడం. రుద్దితే నూనె లోపలికి పోతుంది, దాన్ని పైకి పిలవాలి అంది. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి, ఇప్పచెక్క, ఆ పక్క ఆడవాళ్లు తలంటుకోవడానికి వాడతారు. దాన్ని దంచి, పొయ్యి బూడిద కలిపి, వేడినీళ్లతో ముద్ద చేసింది. వేలి మందాన పట్టించింది. దాని మీద అడ్డాకులు పరిచి, ఆకులు ఎగరకుండా గులకరాళ్లు పేర్చింది. మర్నాడు ఆ పిండిని కొబ్బరి చిప్పతో గీరి తీస్తే అడుగుభాగం నల్లగా ఉంది. నూనె నిజంగానే పైకి వచ్చింది! నేను జీవితమంతా నూనెతో, గ్రీజుతో బతికినవాణ్ని. ఆ నల్లటి పిండి చేతిలోకి తీసుకుని నోరు తెరుచుకుని చూశాను. మూడిళ్ల పని చేసుకుని, మధ్యాహ్నం పూట వచ్చి, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, కొలిచినట్టు అంచుల దాకా పిండి పట్టించే ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయేవాణ్ని. మా యార్డులో అంత శ్రద్ధగా పని చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో నేనొకణ్నని అనుకునేవాణ్ని.

గురువారానికి నలుపు దాదాపు పోయింది. ఎరుపు మిగిలింది. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపింది. లేచి జామచెట్టు దాకా వెళ్లి వచ్చింది. మళ్లీ పిండి పట్టించి, ఆకులు కప్పి, నా దగ్గరికొచ్చి నిలబడింది. ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"అన్నా, ఒక మాట అడుగుతా, తప్పు పట్టకు."

"అడుగు."

"బండికి ఇంజిను ముంగటుంటది కదా. మా తమ్ముడు ముంగలి గేటు దిక్కు పెట్టి ఆపుతడు. మరకేమో ఎనక చక్రాల కాడుంది. ఆడికి నూనె ఎట్లొచ్చింది?"

"వెనక కూడా గేర్ నూనె ఉంటుంది కన్నమ్మా. బండ్లంటే అంత తేలిక కాదు."

"ఉంటదేమో. నాకు బండ్ల సంగతి తెల్వదు, చెత్త సంగతి తెల్సు. నేను ఊడ్చి కుప్పేసిన మట్టి రెండు పారలంత తగ్గింది. పార ఏసిన గుర్తు ఇంక అట్లనే ఉంది. ఎవరో తీస్కొచ్చి ఈ నూనె మీద పోసిండ్రు. మా తమ్ముడి తాన పార లేదు."

నా పార నా తలుపు పక్కనే గోడకు ఆనించి ఉంది. ఆమె దాని వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"ఈ నూనె నీదా అన్నా?"

"కాదు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది.

"సరే. ఎర్రది ఇనుపమట్టి కదా, దానికి చింతపండు పెట్టాలె. రేపు నేను సంతకు పోయి పాతది తెస్తా, పురుగు పట్టింది అగ్గువకిస్తరు. రేపటి దాకా ఈ పిండిని జెర చూస్తవా? ఆరనియ్యకు అన్నా. పొద్దున ఒకసారి, పగలు ఒకసారి నీళ్లు చిలకరించు. ఆకులు లేవకుండ రాళ్లు చూసుకో."

అప్పటికి గడువు ఇంకా రెండు రోజులుంది. నేను ఔనని ఉంటే సుగుణమ్మ గారు ఆ సాయంత్రమే గేటు తెరిచేవారు. అంతే, మరక పోకపోయినా ఫర్వాలేదు. సుగుణమ్మ గారితో చెప్పిన అబద్ధానికి కంగారు అనే సాకైనా ఉంది. దీనికి ఏ సాకూ లేదు. నాలుగు రోజులు ఆలోచించుకుని, ఆమె అడగొచ్చని ఊహించుకుని, జవాబు సిద్ధం చేసుకుని మరీ చెప్పాను. ఎందుకు? ఇల్లు ఖాళీ చేయిస్తారనా? చేయించరు. తిడతారు, పది నిమిషాల తర్వాత టీ ఇస్తారు. చుక్క కింద పడనివ్వని మనిషి లీటరు పారబోశాడని కాలనీలో ఓ వారం నవ్వుకుంటారు. ఆ వారం నవ్వులకు భయపడ్డాను.

శుక్రవారం నేను డ్యూటీకి సెలవు పెట్టాను. నవ్వకండి. ఆమె రెండుసార్లు అన్నది, నేను ఎనిమిదిసార్లు నీళ్లు చిలకరించాను. ఒక్క ఆకు కదలనివ్వలేదు. తప్పు ఒప్పుకోనివాడు నీళ్లు చల్లి పుణ్యం సంపాదించుకుందామనుకున్నాడు. ఆమె నా చేతికే ఆ పని ఎందుకు అప్పగించింది? నన్ను నమ్మిందా? లేక అంతా తెలిసి, నోటితో చెప్పలేకపోతే చేత్తోనైనా చేయనీ అనుకుందా? పన్నెండేళ్లుగా ఈ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాను.

శనివారం పొద్దున ఆమె చింతపండు నానబెడుతుండగా లచ్చయ్య వచ్చి చెప్పాడు. మాలిక్ ముందు రోజే ఇంకొకడికి మాట ఇచ్చేశాడు. తాళం తీసేసుకున్నాడు. ఇంక ఇది ఎందుకక్కా, ఇడిచిపెట్టు అన్నాడు. అప్పుడు ఎవరైనా ఆ చింతపండు గిన్నె తన్ని వెళ్లిపోయేవారు. నేనైతే తప్పకుండా వెళ్లేవాణ్ని. కన్నమ్మ చింతపండు పిసుకుతూనే ఉంది. మొదలుపెట్టిన పని అంది. అంతే అంది. శని, ఆది, సోమ, ఆ ఎర్రదనం మీద చింతపండు గుజ్జు పట్టించి, కడిగి, మళ్లీ పట్టించింది. పనితో ఇక ఆమెకు వచ్చేదేమీ లేదు. అయినా అంచుల దగ్గర మొదటి రోజు ఎంత జాగ్రత్త చూపిందో చివరి రోజూ అంతే చూపింది. నా సర్వీసులో ఎన్నో పనులు చూశాను, ఎంతోమంది పెద్ద ఇంజినీర్లను చూశాను. అంత గొప్ప పని చూడలేదు. ఇది పొగడ్తకు రాయడం లేదు, చూసినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

మంగళవారం ఆరాక మరక లేదు. తక్కిన వాకిలి అప్పటికే ధూళి పట్టి ఎర్రబారింది కాబట్టి ఆ చాపంత చోటు ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. సుగుణమ్మ గారు దాని మీద అరచెయ్యి పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తమ్ముణ్ని బండి తెచ్చుకోమని చెప్పవే అన్నారు. తేవడానికి బండి లేదు.

నెల తిరిగేసరికి లచ్చయ్య పెళ్లాంబిడ్డల్ని తీసుకుని భద్రాచలం అవతల మిరప తోటల్లో ట్రాక్టరు నడపడానికి వెళ్లిపోయాడు. కన్నమ్మ ఒక్కతే మిగిలింది. అంతకుముందు పొద్దున్నే ఆ పిల్లలిద్దరూ అత్త వెంట వచ్చి జామచెట్టు కింద ఆడేవారు. ఆ తర్వాత ఆమె ఒక్కతే వచ్చి ఊడ్చి, మట్టి కుప్ప పోసి వెళ్లేది. సుగుణమ్మ గారు వచ్చినవాళ్లకల్లా ఆ తెల్లటి చోటు చూపించి, మా కన్నమ్మ చేతి పని అనేవారు. నేను ఆ పక్కగా నడవకుండా మెట్ల వారగా వెళ్లేవాణ్ని. రెండు వానాకాలాలకు అదీ ఎర్రబడి అన్నిటితో కలిసిపోయింది. నాకు మాత్రం దాని అంచులు ఎక్కడో ఇప్పటికీ తెలుసు.

కన్నమ్మ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ముఖం చిట్లించలేదు, మాట తగ్గించలేదు. నేను అక్కడున్న ఇంకో రెండేళ్లూ అన్నా అనే పిలిచింది. జగదల్‌పూర్‌కు బదిలీ అయి సామాను కడుతుంటే అడ్డాకులో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇప్పచెక్క. పట్నంలో మంచిది దొరకదేమో అంది. ఆ పొట్లం అందుకుని అప్పుడైనా చెప్పాలనుకున్నాను. ఆటో వచ్చింది. ఆటోను ఒక్క నిమిషం ఆపమంటే ఆపుతాడు. ఆపమనలేదు.

సుగుణమ్మ గారు ఇప్పుడు లేరు. కన్నమ్మ అక్కడే ఉందని, ఇంకా పని చేస్తోందని పాత స్నేహితులు చెబుతారు. జగదల్‌పూర్ నుంచి బచేలికి రోజూ రైలుంది. పింఛనుదారుణ్ని, పాసు కూడా ఉంది. పదేళ్లలో ఒక్కసారి ఎక్కలేదు. ఇది రాశాక ఎక్కుతానా? నా మీద నాకే నమ్మకం లేదు, మీకు మాటివ్వను. క్షమించమని కూడా అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కాదు. ట్రాక్టరు నడుపుతున్నవాడు ఒకడు, ఇంకా ఊడుస్తున్న మనిషి ఒకరు.

వీధి చివరి ఆయనకు మాత్రం నిన్న వెళ్లి చెప్పాను. ఆ విద్య రైల్వేది కాదండీ, బచేలిలో కన్నమ్మ అనే ఆమె నేర్పింది అని. ఆయన ఓహో అన్నారు. నాకు మాత్రం ఇంటికి నడిచి వస్తుంటే కాళ్లు తేలికగా అనిపించాయి. ఆ తేలికతోనే ఇవాళ కలం పట్టాను. ఆ గురువారం ఆమె అడిగిన దానికి చెప్పాల్సిన జవాబు ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

అవును కన్నమ్మా, ఆ నూనె నాదే. నీ కుప్పలోంచి మట్టి తీసి పోసింది కూడా నేనే.